డిస్ట్రో మార్పిడి (గోప్యత, వాడుకరి అదుపు)

లినక్స్ వాడేవాళ్లు ఒక పంపిణీని (డిస్ట్రో) వదిలి మరొకదానికి మారడాన్ని డిస్ట్రో హాపింగ్ అంటారు. వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ అన్నింటికీ ఒకటే. దాని చుట్టూ ఏ సాఫ్ట్‌వేర్ చేర్చాలో, ఏ సెట్టింగు ముందే ఆన్ చేసి ఇవ్వాలో తేల్చేది పంపిణీ తయారుచేసేవాళ్లు. ఒకప్పుడు వైఫై పనిచేయకో, కొత్తది చూద్దామన్న సరదాకో మారేవారు. గోప్యత కోసం మారడం గట్టిగా చర్చకు వచ్చింది 2012లో.

ఆ ఏడాది అక్టోబరు 18న ఉబుంటు అనే పంపిణీ 12.10 వెర్షన్ వచ్చింది. అందులోని డ్యాష్ అనే వెతుకులాట తెరలో సొంత ఫైలు కోసం ‘డయాబెటిస్’ అని టైపు చేసినా, ఆ మాట ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ సర్వరుకు వెళ్లేది. ఫైళ్లతో పాటు అమెజాన్ సరుకులూ తెరమీదికి వచ్చేవి. ఎవరైనా కొంటే కెనానికల్‌కు కమీషన్. వెతుకులాట ఇంట్లో బీరువాలో, కబురు మాత్రం బజారుకు!

ఎవరు వెతికారో అమెజాన్‌కు చెప్పడం లేదని ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ సమర్థించుకున్నాడు. మీ యంత్రంపై మాకు రూట్ అధికారం, అంటే పూర్తి అదుపు, ఎలాగూ ఉంది కదా అనీ అన్నాడు. అప్‌డేట్లు పంపేవాళ్ల విషయంలో అది నిజమే. కానీ తాళంచెవి ఇచ్చి వెళ్లిన పొరుగువాళ్లు మన ఉత్తరాలు చదివితే ఒప్పుకుంటామా? సరుకుల బొమ్మలు నేరుగా అమెజాన్ నుంచే దిగుతున్నాయని, దాంతో వాడుకరి ఐపీ చిరునామా అక్కడికి చేరుతుందని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఎత్తి చూపింది. డిసెంబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని స్పైవేర్ (గూఢచారి సాఫ్ట్‌వేర్) అనేశాడు. సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే ఆగిపోయేదే, అయినా గొడవ సద్దుమణగలేదు. ముందే ఆన్‌లో ఎందుకుంది అన్నదే అసలు పేచీ. 2016 ఏప్రిల్‌లో 16.04 వచ్చాకగానీ అది ముందే ఆఫ్‌లో ఉండే సెట్టింగు కాలేదు.

విసిగినవాళ్లకు ఎదురుగా కనిపించినవి డెబియన్, లినక్స్ మింట్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ కూడా వాడకం లెక్కలు పంపుతారా అని ఇన్‌స్టాలేషన్‌లో అడుగుతుంది, అయితే ముందే ఎంచి ఉంచే జవాబు ‘వద్దు’. 2018లో ఉబుంటు ఇలాంటి ప్రశ్నే వేసి ‘సరే’ను ముందే ఎంచి పెట్టింది. డెబియన్‌నూ కాదన్నవాళ్లున్నారు. 2014లో డెబియన్ సాంకేతిక కమిటీ ఓట్లు సమానంగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో, కంప్యూటరు ఆన్ కాగానే మిగతా సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ గెలిచినప్పుడు, దాన్ని వద్దనుకున్నవాళ్లు డెవువాన్ పేరుతో వేరుపడ్డారు.

మారితే భద్రత దానంతట అదే రాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకి చొరబడ్డవాళ్లు దొంగదారి పెట్టిన ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్) ఫైలుకు లింకు మార్చేశారు. దింపుకున్న ఫైలు మారిపోయిందేమో తెలిపే చెక్‌సమ్ సంఖ్యను సరిచూడమని పాతకాపులు పోరేది ఇందుకే. మారే పని మాత్రం కష్టం కాదు. సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరును డిస్కులో విడి పార్టిషన్‌లో పెట్టుకున్నవాళ్లు దాన్ని ఫార్మాట్ చేయకుండా, పెన్‌డ్రైవ్‌తో కొత్త పంపిణీ ఎక్కించుకుంటారు.

2020లో మరో తగాదా. ఉబుంటు 20.04లో క్రోమియం బ్రౌజరు కోసం, సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఆప్ట్ ఆదేశం ఇస్తే, మామూలు ప్యాకేజీకి బదులు అడగకుండానే స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ దిగేది. స్నాప్ దుకాణం సర్వరు కెనానికల్ చేతిలోనే ఉంటుంది. ఉబుంటు పునాది మీదే నిలిచిన మింట్, ఆ జూన్‌లో తెచ్చిన 20వ వెర్షన్‌లో ‘నోస్నాప్’ అనే చిన్న ఫైలుతో దీనికి అడ్డుకట్ట వేసింది. స్నాప్ కావాలనుకునేవాళ్లు ఆ ఫైలు తీసేసి దాన్ని ఎక్కించుకోవచ్చు. ఆ ఫైలు ఎలా తీయాలో మింట్ తన వాడుక పుస్తకంలోనే రాసిపెట్టింది.