పొదిగే పెట్ట

ఇంక్యుబేటర్లు రాకముందు మన ఊళ్లలో కోడిపిల్ల పుట్టాలన్నా, బాతుపిల్ల పుట్టాలన్నా పెరట్లో ఏదో ఒక నాటు పెట్ట పొదుగుకు రావాల్సిందే. ఈజిప్టువాళ్లు ప్రాచీన కాలంలోనే పెద్ద పెద్ద మట్టి పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించారు. మన దగ్గర ఆ భారమంతా పెట్టే మోసింది. దాన్ని చూసుకున్నది ఇంటి ఆడవాళ్లు. గుడ్లమ్మిన డబ్బులు కూడా చాలా ఇళ్లలో వాళ్ల కొంగుముడిలోకే చేరేవి.

పది పన్నెండు గుడ్లు పెట్టాక పెట్ట ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళితే కుర్రుమంటూ గూడు వదలదు. అప్పుడు బుట్టలో ఎండుగడ్డి పరిచి, గుడ్లు పేర్చి, మసకచీకటి మూలన పొదగేస్తారు. ఏడో రాత్రి గుడ్డును దీపానికి అడ్డం పట్టి చూస్తే సన్నటి ఎర్రని నరాలు అల్లుకుని కనిపిస్తాయి. కనిపించకపోతే ఆ గుడ్డు తీసేయడమే. రోజుకోసారి మేతకూ నీళ్లకూ దిగడం తప్పితే పెట్ట 21 రోజులూ కదలదు. గుడ్లను తనే ముక్కుతో తిప్పుకుంటుంది. తిప్పకుంటే లోపలి పిండం పొరకు అంటుకుపోతుంది. ఇంత పని ఎవరు నేర్పారు దానికి!

బాతుగుడ్లకు 28 రోజులు పడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టే బాతులు సాధారణంగా పొదగవు. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ తయారుచేసిన ఖాకీ క్యాంప్‌బెల్ కూడా అంతే. అందుకే బాతుగుడ్లనూ కోడి కిందే వేసేవారు. పెట్ట మరో వారం ఓపిక పట్టేది. తీరా పిల్లలు గుంట కనబడగానే నీళ్లలోకి దిగిపోతే, గట్టు మీద అది అటూ ఇటూ పరుగెడుతూ అరిచే అరుపులు ఊరంతా వినబడేవి.

పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని వెంటేసుకు తిరిగినన్నాళ్లూ పెట్ట గుడ్డు పెట్టదు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లే ఇవ్వడానికి ముఖ్య కారణం ఇదే. దాన్ని పనికిరాని కోడి అనడం అన్యాయం. అయితే గుడ్ల వ్యాపారానికి ఈ గుణమే అడ్డు. అందుకే వైట్ లెగ్‌హార్న్ అనే గుడ్ల కోడి జాతిలో తరతరాల ఎంపికతో పొదుగును దాదాపు తుడిచేశారు. 1971లో వెంకటేశ్వరా హేచరీస్ స్థాపించిన బి.వి.రావు వంటివారి చొరవతో మన దేశంలో ఫారాలు విస్తరించాయి, గుడ్డు సామాన్యుడికి అందింది. అది పెద్ద మేలే.

పెరటి కోసమని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా అనే కోడిని తెచ్చింది. చూడడానికి నాటుకోడిలాగే రంగురంగులుగా ఉంటుంది. పెరట్లో తిరుగుతూనే ఏడాదికి నూరు గుడ్ల దాకా ఇస్తుంది. కానీ పొదగదు. పిల్లలు కావాలంటే ప్రతిసారీ కొనుక్కోవాలి.

అందుకే వనరాజాలు పెంచేవాళ్లు తోడుగా ఒక్క నాటు పెట్టనైనా ఉంచుకోండి. పొదిగే పెట్ట ఉన్న ఇంటికి పిల్లల కోసం ఎవరి గుమ్మమూ ఎక్కే పని ఉండదు. కోడిపిల్లలు దిగిన వారంలోపే కంట్లో కొక్కెర తెగులు టీకా చుక్క మాత్రం తప్పక వేయించండి. మన దేశంలో 1927లో రాణీఖేత్‌లో గుర్తించిన ఈ జబ్బు ఇప్పటికీ గంపలకు గంపలు ఖాళీ చేస్తోంది.