నవ్వునకు గట్టిన యిల్లు



మన పెద్దలు దేవునికి గుడి కట్టించిరి, బాటసారికి సత్రము కట్టించిరి, పిల్లలకు బడి కట్టించిరి. నవ్వునకు ఇల్లు కట్టించినవారిని గూర్చి మాత్రము తఱచుగా వినము. అమెరికాదేశమున, బోస్టను నగరమునకు ఎదురుగా, చార్లెసు నది ఆవలి యొడ్డున కేంబ్రిడ్జి యను పట్టణము కలదు. అచట అట్టి యిల్లొకటి నేటికిని నిలిచియున్నది. ఒక కాలేజీ హాస్యపత్రికకై దాని పూర్వవిద్యార్థులు ఆ యింటిని గట్టించిరి. వారి చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

ఈ విషయమున నాకు ఆసక్తి కలుగుటకు స్వంతకారణ మొకటి కలదు. నేను కళాశాలలో జదువుకొను దినములలో మేము నలుగురు మిత్రులము చేరి ఒక వ్రాతపత్రికను నడపితిమి. దానికి ఒక్కటే ప్రతి. దానినే చేతులు మార్చుకొనుచు అందఱును జదువుచుండిరి. వసతిగృహపు సాంబారును, ఉపాధ్యాయుల దీర్ఘోపన్యాసములను, మా గొప్పలను గూడ అందులో వెక్కిరించుచుంటిమి. మేము పరీక్షలు ముగించుకొని వెడలిన సంవత్సరమే ఆ పత్రిక నిలిచిపోయెను. ఆ ప్రతులు నేడెచ్చటను లేవు. కాలేజీ పత్రికలకు ఇది సహజమరణమే. వ్రాయువారు మూడు నాలుగేండ్లకు మించి యచట నుండరు గదా! అట్టిచో సుమారు నూటయేబది యేండ్లుగా బ్రదికియున్న కాలేజీ హాస్యపత్రిక యొకటి కలదని చదివినప్పుడు, దాని యాయువు రహస్యమేమో తెలిసికొనగోరితిని.

ఆ పత్రిక పేరు హార్వర్డు లాంపూన్. లాంపూన్ అనగా పరిహసించుచు వ్రాసిన వ్రాత. 1841లో లండనునగరమున పంచ్ అను హాస్యపత్రిక బయలుదేరి, దేశదేశములలో తనవంటి పత్రికలకు ప్రేరకమయ్యెను. మన దేశమున 1877లో లక్నోలో వెలువడిన అవధ్ పంచ్ అను ఉర్దూపత్రిక దాని ప్రభావముననే పుట్టినది. దానికి ఒక సంవత్సరము ముందు, 1876 ఫిబ్రవరిలో, 1636లో స్థాపింపబడిన హార్వర్డు కళాశాలలోని విద్యార్థు లేడుగురు ఆ పంచ్‌నే మాదిరిగా జేసికొని లాంపూన్‌ను ఆరంభించిరి. ఆ యేడుగురిలో మువ్వురి పేర్లు జ్ఞాపకముంచుకొనుడు: ఎడ్వర్డు మార్టిన్, ఆర్థర్ షెర్వుడ్, ఎడ్మండు వీల్‌రైట్.

మార్టిన్ చదువు ముగిసిన పిమ్మటను ఆ నవ్వును విడువలేదు. 1883లో జాన్ మిచెల్ అను చిత్రకారునితో గలసి న్యూయార్కున లైఫ్ అను హాస్యపత్రికను స్థాపించెను. కళాశాలను విడిచివచ్చిన లాంపూన్ మిత్రులకు అది యొక రెండవ పుట్టినిల్లయ్యెను. 1912వ సంవత్సరపు తరగతికి జెందిన రాబర్టు బెంచ్లీ విద్యార్థిగా లాంపూన్‌కు అధ్యక్షుడు. అతడు 1920 మొదలు లైఫ్‌లో నాటకవిమర్శలు వ్రాసెను. ఇక ఆర్థర్ షెర్వుడ్ పత్రిక కిచ్చిన కానుక ఆయన కుమారుడే. తండ్రి స్థాపించిన లాంపూన్‌లో వ్రాతనేర్చిన ఆ రాబర్టు షెర్వుడ్, లైఫ్‌కు సంపాదకుడై, తరువాత గొప్ప నాటకకర్త యయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున రూజువెల్టు అధ్యక్షుని యుపన్యాసముల రచనలో సైతము ఆయన చేయి కలదు. ఎగతాళి వ్రాసిన కలమే దేశమునకు కష్టకాలమున ధైర్యవచనములను గూడ వ్రాసెనన్నమాట.

మూడవవాడు వీల్‌రైట్ వాస్తుశిల్పి. 1906లో బోస్టను, కేంబ్రిడ్జి పట్టణముల నడుమ చార్లెసు నదిపై తెఱవబడిన గొప్ప వంతెనకు రూపకల్పన చేసినవా డాతడే. మూడేండ్ల తరువాత, 1909లో, ఆ చేతులే తన బాల్యమిత్రమైన పత్రికకు ఇల్లు కట్టినవి. రెండు వీధులు కలిసికొను సన్నని మూలస్థలమున అది యొక చిన్నకోటవలె నుండును. ముందునుండి చూచిన, గుండ్రని కిటికీలు కన్నులు, నడుమ దీపము ముక్కు, ద్వారము నోరు, పైకప్పు శిరస్త్రాణముగా ఒక మానవముఖము మనవంక చూచుచున్నట్లు తోచును. వంతెన కట్టిన గంభీరుడు ఇట్టి కొంటె యిల్లు గట్టుటకు సిగ్గుపడలేదు. 1912లో ఆయన మరణించెను. ఇల్లు నిలిచినది.

ఇంటికి ధనము కావలయును గదా! ఇచ్చినవారిలో ముఖ్యుడు విలియం రాండాల్ఫ్ హర్‌స్టు. విద్యార్థిగా నుండగా ఆయన లాంపూన్ లెక్కలు చూచి, నష్టములోనున్న పత్రికను లాభమునకు దెచ్చెను. 1885లో చదువు పూర్తికాకయే కళాశాలనుండి వెడలగొట్టబడెను. పిమ్మట ఇరువదికి పైగా వార్తాపత్రికలకు అధిపతియై అపారముగా ధనము గడించెను. తన్ను వెడలగొట్టిన విద్యాలయపు ముంగిట, తన మిత్రుల యింటికి ఆయన ధనమిచ్చెను. ఆయనకు పట్టముతో పని లేదు. కూడి నవ్విన దినములు మాత్రము మఱవరానివైనవి.

ఆ హర్‌స్టు పత్రికలు కమ్యూనిస్టులను తీవ్రముగా ద్వేషించినవి. అదే లాంపూన్‌లో వ్రాసిన, 1910వ సంవత్సరపు తరగతికి జెందిన జాన్ రీడ్ రష్యా విప్లవమును కన్నులార జూచి 1919లో గ్రంథము వ్రాసెను. 1920లో మాస్కోలో మరణించి, క్రెమ్లిన్ గోడచెంత సమాధి చేయబడెను. స్పెయినుదేశమున బుట్టిన తత్త్వవేత్త శాంతాయన గూడ విద్యార్థిగా నుండగా ఆ పత్రికకు హాస్యచిత్రములు గీసినవాడే. ఇట్టి భిన్నమతులను ఏ సిద్ధాంతమును ఒకచోట చేర్చలేదు. ఒక పత్రికలోని నవ్వు చేర్చినది.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. కళాశాల విడిచినవారు బజారునకు దెచ్చిన హాస్యపత్రికలు రెండు. మొదటిది లైఫ్. అది ఏబదిమూడేండ్లు బ్రదికి 1936లో నిలిచిపోయెను. దాని పేరును మాత్రము మఱియొకరు కొని ఛాయాచిత్రముల పత్రికకు బెట్టుకొనిరి. రెండవది 1970లో డగ్లస్ కెన్నీ, హెన్రీ బేర్డ్, రాబర్టు హాఫ్‌మన్ అను లాంపూన్ పూర్వసభ్యులు స్థాపించిన నేషనల్ లాంపూన్. 1974లో దాని సంచిక యొకటి పదిలక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. 1975లో స్థాపకులు తమ భాగమును అమ్ముకొనిరి. 1998లో ఆ పత్రికయు ఆగిపోయెను. ధనము, కీర్తి, ఆరితేరిన రచయితలు గల బిడ్డలిద్దఱును గతించిరి. పిల్లలు నడపు తల్లి మాత్రము మిగిలినది. పైగా తన పేరు వాడుకొన్నందుకు ఆ రెండవ బిడ్డ చెల్లించిన సొమ్ముతో తల్లి తన యిల్లు చక్కపెట్టుకొనెను.

దీనికి కారణము నాకు తోచినంతవఱకు ఒక్కటే. ఆ పూర్వవిద్యార్థులు ఇల్లిచ్చిరి, కలము తీసికొనలేదు. ఇంటిని, ధనమును ధర్మకర్తలుగా పెద్దలు చూచుకొందురు. పత్రికలో ఏమి వ్రాయవలయునో విద్యార్థులే నిర్ణయించుకొందురు. ఆ స్వేచ్ఛవలన తలనొప్పులు రాకపోలేదు. మసాచుసెట్సు శాసనసభలో, ఆ ప్రాంతపు మత్స్యకారవృత్తికి గుర్తుగా కాడ్ అను చేప కొయ్యబొమ్మ పూర్వమునుండి వ్రేలాడుచుండును. 1933 ఏప్రిలులో లాంపూన్ పిల్లలు దానిని ఎత్తుకొనిపోయిరి. పోలీసులు నదిని సైతము గాలించిరి. కొన్నిదినములకు చేప క్షేమముగా తిరిగివచ్చినది. దీనిని నేను మెచ్చుకొనుట లేదు. కాని అంత యల్లరి జరిగినను పెద్దలు పిల్లలచేతినుండి పత్రికను లాగుకొనలేదని మాత్రము గమనింపుడు.

లోపమును దాచుట చరిత్రకారునికి తగదు. ఆ పత్రిక తలుపు తొంబదియేండ్లకు పైగా స్త్రీలకు మూయబడియుండెను. 1970వ దశాబ్దపు ఆరంభమున గాని ప్యాట్రీషియా మార్క్స్ అను విద్యార్థిని మొదటి సభ్యురాలు కాలేదు. మఱియొక మాట. 1989లో ఆరంభమైన సింప్సన్స్ అను టెలివిజన్ హాస్యచిత్రమునకు వ్రాసినవారిలో ఈ పత్రికవారు పలువురు. లాంపూన్‌కు రెండుమార్లు అధ్యక్షుడైన కానన్ ఓబ్రయన్ గూడ వారిలో నొకడు. ముందు పోయినవాడు వెనుక వచ్చువానికి చేయి అందించుట స్నేహధర్మమే. కాని ఆ యింటిలో కాలుపెట్టని ప్రతిభావంతుని మాటయేమి? ఊరిలో ఒక్క కుటుంబమువారే పదవులన్నియు పంచుకొన్నచో మనము సహింతుమా? పూర్వవిద్యార్థుల ప్రేమ ఇల్లు కట్టగలదు. అది గోడగూడ కట్టగలదు. ఈ రెండును ఆ చరిత్రలో కలవు.

పెద్దలారా! మీ గ్రామములలో యువకులు నాటకసమాజమునో, పఠనమందిరమునో, గోడమీద అంటించు పత్రికనో ఆరంభించుచుందురు. రెండేండ్లకు అది యాగిపోగా, నేటి కుఱ్ఱవాండ్రకు నిలుకడ లేదని మనమనుకొందుము. మా వ్రాతపత్రిక చచ్చిపోయినప్పుడు నేనును తరువాతి తరగతివారినే నిందించితిని. ఈ చరిత్రము చదివిన పిమ్మట నా తప్పు నాకు తెలిసినది. మేము నలుగురమును ఉద్యోగములలో కుదురుకొంటిమి. మాలో ఒక్కడైనను తిరిగిపోయి, ఆ పిల్లలకు ఒక బీరువాయైనను, ఒక కాగితపు దస్తాయైనను ఇచ్చినవాడు కాడు. వీల్‌రైట్ తిరిగిపోయెను. భేదమంతయు అదియే.

కావున మీ యూరి పిల్లలకు ఒక గది యిప్పింపుడు. దాని తాళపుచెవి వారిచేతికే యిండు. వారి వ్రాతలు అచ్చటికి మీరు పోయి అందఱితోపాటు చదువుడు. అందులో మిమ్ము వెక్కిరించినచో నవ్వుడు. ఆ గది తలుపు ఊరిలోని అన్ని వీధుల పిల్లలకును, ఆడపిల్లలకును తెఱచియున్నదో లేదో మాత్రము కనిపెట్టి చూచుచుండుడు.