లోకో పైలట్ ఇంటి నుంచి విమానం కాక్‌పిట్‌కు: అర్హతలు, శిక్షణ, ఖర్చు

బిలాస్‌పూర్‌లో ‘పైలట్’ అంటే ఎక్కువమందికి రైలింజన్ నడిపే మనిషే గుర్తొస్తారు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఈ ఊరికి రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి, తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2021 మార్చి 1న చకర్‌భాఠాలోని బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం నుంచి అలయన్స్ ఎయిర్ సర్వీసులు మొదలయ్యాక, రెండో రకం పైలట్ కూడా ఊరివారికి దగ్గరయ్యారు. మరి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు ఆ సీటు దాకా వెళ్లాలంటే ఏం కావాలి?

చదువు, వయసు

ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి. ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులు ఓపెన్ స్కూల్ ద్వారా ఈ రెండు సబ్జెక్టులు పూర్తి చేసి అర్హత పొందుతుంటారు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు, కమర్షియల్ పైలట్ లైసెన్స్ అంటే సీపీఎల్‌కు 18 ఏళ్లు నిండాలి.

వైద్య పరీక్ష

మొదట క్లాస్-2, తర్వాత క్లాస్-1 మెడికల్ ఉంటాయి. ఫీజు కట్టాక పరీక్షలో తప్పితే ఆ డబ్బు చిక్కుల్లో పడుతుంది. కాబట్టి ఫ్లయింగ్ స్కూల్‌లో చేరకముందే ఇవి పూర్తి చేసుకోవడం మంచిది. చూపు విషయంలో చాలామందికి అపోహ ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్‌కు అవసరమైన ఏ-1 ప్రమాణం ప్రకారం అద్దాలు లేకుండానే 6/6 చూపు ఉండాలి. విమాన పైలట్‌కు మాత్రం నిర్ణీత పరిమితుల్లో అద్దాలతో సరిదిద్దిన చూపు సరిపోతుంది. రంగులు గుర్తించడం రెండు చోట్లా తప్పనిసరి.

పరీక్షలు, గంటలు

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో పరీక్షలు పెడుతుంది. ఉత్తీర్ణతకు 70 శాతం మార్కులు రావాలి. రేడియో టెలిఫోనీ లైసెన్స్, ఇంగ్లిష్‌లో కనీసం లెవల్-4 ప్రావీణ్యం వేరుగా కావాలి.

సీపీఎల్‌కు కనీసం 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండాలి. క్రాస్ కంట్రీ ప్రయాణాల్లో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, మధ్యలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగాలి. రాత్రి వేళ విమానం నడపడం, బయటి దృశ్యం కాకుండా పరికరాలను మాత్రమే నమ్మి నడపడం కూడా ఈ శిక్షణలో భాగమే.

బిలాస్‌పూర్ వారికి దగ్గర్లో ఉన్న పేరున్న కేంద్రం మహారాష్ట్రలోని గోందియా దగ్గర బిర్సీ విమానాశ్రయంలో పనిచేసే నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. గోందియా కూడా ఇదే రైల్వే జోన్‌లో, హౌరా–నాగ్‌పూర్ మార్గంలోనే ఉంది. ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ, హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉన్నాయి. విదేశాల్లో శిక్షణ పొందినవారు తిరిగొచ్చాక డీజీసీఏ నిబంధనల ప్రకారం పరీక్షలు రాసి లైసెన్స్ మార్చుకోవాలి.

అసలు అడ్డంకి

రైల్వేలో పదో తరగతితో పాటు ఐటీఐ లేదా డిప్లొమా ఉన్నవారు రాత పరీక్షలు, ఆప్టిట్యూడ్ టెస్ట్, మెడికల్ దాటితే శిక్షణ భారం రైల్వేదే. విమానయానంలో ఆ భారం అభ్యర్థిది. సీపీఎల్‌కే అరకోటికి అటూఇటూ ఖర్చవుతుంది. విమానయాన సంస్థల క్యాడెట్ ప్రోగ్రామ్‌లలో మొత్తం కోటి రూపాయలు దాటడం మామూలే.

బ్యాంకుల సాధారణ విద్యారుణ పథకంలో రూ.7.5 లక్షలు దాటితే పూచీకత్తు ఆస్తి అడుగుతారు. ఉద్యోగ జీవితమంతా క్వార్టర్స్‌లో గడిపిన కుటుంబానికి తనఖా పెట్టేందుకు ఇల్లు ఉండకపోవచ్చు. జీతం బాగానే ఉన్నా అప్పు పుట్టక ఆగిపోయే చోటు ఇదే. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో సీపీఎల్ కోర్సు ఉంది కానీ, కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రూ.2.5 లక్షలే. రెగ్యులర్ రైల్వే ఉద్యోగి పిల్లలకు అది దాదాపుగా అందదు.

లైసెన్స్ వచ్చాక

సీపీఎల్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737, ఏటీఆర్ 72 వంటి ఏదో ఒక విమాన రకంపై టైప్ రేటింగ్ చేయాలి. దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. నియామకం తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో లైన్ ట్రైనింగ్ ఉంటుంది. కెప్టెన్ సీటుకు ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్ కావాలి. దానికి కనీస వయసు 21 ఏళ్లు, కనీస అనుభవం 1,500 గంటలు. కెప్టెన్ అయ్యాక కూడా సిమ్యులేటర్‌లో నైపుణ్య పరీక్షలు, వైద్య పరీక్షలు ఉద్యోగం ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి.

నియామకాలు ఒక ఏడాది జోరుగా సాగి, మరో ఏడాది నిలిచిపోవచ్చు. రుణ వాయిదాలు మాత్రం ఆగవు. అందుకే ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి: క్లాస్-1 మెడికల్ చేతికొచ్చిందా, చేరబోయే స్కూల్‌కు డీజీసీఏ ఆమోదం ఉందా, టైప్ రేటింగ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకున్నారా?