తపస్సుకాలము – జ్ఞానస్నాన ప్రమాణములు

రాష్ట్రేతరాంధ్రులమైన మనలో క్రైస్తవ కుటుంబములును పెక్కు కలవు. విభూది బుధవారము మొదలు పునరుత్థాన పండుగ వరకు, ఆదివారములు మినహా, లెక్కకు వచ్చు నలువది దినములను కథోలికులు తపస్సుకాల మందురు. తక్కిన సంఘములవారు లెంటు దినములనియు, శ్రమదినములనియు వ్యవహరింతురు. మాంసము మానుట, ఒంటిపూట భోజనము, సిలువమార్గ ప్రార్థన – ఇవి పొరుగువారి కంటబడు గుర్తులు. కాని ఈ దినములను తీర్చిదిద్దినది ఉపవాసమొక్కటే కాదు. బాప్తిస్మమనబడు జ్ఞానస్నానమును, ఆ సమయమున చేయు ప్రమాణములును అందు ప్రధానములు. పూర్వచరిత్రను పరిశీలించినచో ఈ సంగతి తెల్లమగును. అన్యభాషల నడుమ కాపురముండు మనకు అందు విశేషముగా గ్రహింపదగిన దొకటి కలదు.

325వ సంవత్సరమున నైకియా పట్టణమున సమావేశమైన మహాసభ నిర్ణయములలో ఈ నలువది దినముల ప్రస్తావన యున్నది. ఆ శతాబ్దమున వయోజనులే పెక్కుమంది జ్ఞానస్నానము పొందుచుండిరి. పునరుత్థాన పండుగ రాత్రి అందుకు ముఖ్యసమయము. దానికి ముందటి వారములు వారికి శిక్షణకాలము. ఉపవాసము, ఉపదేశము, పరీక్ష – ఈ మూడును కలిసి సాగెడివి.

ఆ పరీక్ష యెట్టిదో ఎగేరియా అను యాత్రికురాలు వ్రాసియుంచినది. ఆమె 381–384 ప్రాంతమున యెరూషలేమున నుండి, అచటి ఆచారములను కన్నులార చూచినది. జ్ఞానస్నానము కోరువారు ఒక్కొక్కరుగా పీఠాధిపతి యెదుట నిలువవలెను. ఆయన ప్రశ్నించునది వారిని కాదు, వారి ఇరుగుపొరుగులను! ఈ మనిషి నడవడి మంచిదా, తల్లిదండ్రులయెడ గౌరవము గలదా, త్రాగుడు అలవాటున్నదా యని విచారించెడివాడు. దోషమేమియు లేదని తేలినచో తన చేతితోనే పేరు వ్రాసికొనెడివాడు. దోషము కనబడినచో, ముందు దిద్దుకొని పిమ్మట రమ్మని పంపివేసెడివాడు. శాస్త్రజ్ఞానమునకంటె ముందు ఇంటి నడవడి లెక్కకు వచ్చెనన్నమాట.

పేరు నమోదైనవారికి దినమునకు మూడు గంటల చొప్పున ఉపదేశము జరిగెడిది. పీఠాధిపతి గ్రీకు భాషలోనే పలుకును. అయితే ఆ దేశమున సిరియా భాష మాత్రమే యెరిగినవారు కొందరు కలరు. వారికొరకు ఒక గురువు ప్రక్కన నిలిచి ప్రతి మాటను వారి భాషలో చెప్పెడివాడు. లాటిను తప్ప మరొకటి తెలియనివారు చిన్నబుచ్చుకొనకుండ, రెండు భాషలెరిగిన సోదరులు వారికిని విప్పి చెప్పుచుండిరి. పదునారు శతాబ్దములకు పూర్వమే, అల్పసంఖ్యాకులకు స్వభాషలో ప్రమాణము తెలియవలెనన్న శ్రద్ధ అచట కానవచ్చుచున్నది.

ప్రమాణ విధానము కూడ అర్థవంతమైనది. యెరూషలేము పీఠాధిపతియైన సిరిల్ పేర ప్రసిద్ధములైన ఉపన్యాసములనుబట్టి, అభ్యర్థులు మొదట చీకటి దిక్కగు పడమరకు మొగమై, చేయి చాచి, సైతానును, వాని క్రియలను, వాని ఆడంబరములను త్యజింతురు. పిదప వెలుగు దిక్కగు తూర్పునకు మరలి విశ్వాసమును ప్రకటింతురు. ఆడంబరములనగా నేవి? నాటకశాలల వ్యామోహము, గుఱ్ఱపు పందెములు, మృగముల వేట వినోదములు అని ఆ ఉపన్యాసకుడే వివరించెను. సాయంకాలము మన కాళ్లు ఎటు నడచును, చేతి సొమ్ము ఎటు పోవును అన్నదే ఆ త్యాగమునకు గీటురాయి.

కాలక్రమమున శిశువులకు జ్ఞానస్నానమిచ్చుట సర్వసామాన్యమైనది. ప్రమాణము శిశువు నోట గాక జ్ఞానతల్లిదండ్రుల నోట వెలువడసాగెను. పెద్దలు పలికిన మాటను బిడ్డ పెరిగి తనదిగా చేసికొనుట యెట్లు? 1529లో మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తర గ్రంథమున దీనికి సమాధానమిచ్చెను: ఆ స్నానము ఒకనాటితో ముగియునది కాదు, పాతస్వభావము దినదినము పశ్చాత్తాపమున మునిగి, క్రొత్త మనిషి లేవవలెను. ఈ గ్రంథమును తెనిగించినవాడు బెంజమిన్ షుల్జ్. ఆయన 1726లో చెన్నపట్టణము చేరి, తెలుగువారి నడుమ పనిచేసి, 1743లో స్వదేశమునకు మరలెను. ఆ తెనుగు ప్రతి 1746లో జర్మనీలోని హాలే పట్టణమున అచ్చయ్యెను. అచ్చెక్కిన తొలి తెలుగు పుస్తకములలో అది యొకటి. చెన్నపట్టణపు తెలుగువారికి ఇది స్మరణీయమైన సంగతి.

కథోలిక సంఘమున 1951లో పన్నెండవ పయస్ పోపుగారు పాస్కా జాగరణ విధిని పునరుద్ధరించిరి. విశ్వాసులందరును తమ జ్ఞానస్నాన ప్రమాణములను మరల పలుకు పద్ధతి అందు చేరినది. తక్కిన పూజ లాటినులో జరుగుచుండిన ఆ దినములలోనే ఈ ప్రమాణములను దేశభాషలో పలుకుటకు అనుమతి లభించెను. 1963లో రెండవ వాటికను మహాసభ, ఈ కాలమునకు జ్ఞానస్నాన స్మరణము, పశ్చాత్తాపము అను రెండు లక్షణములు కలవనియు, ఆ పశ్చాత్తాపము ఆంతరంగికము మాత్రమే కాక సామాజికముగా కూడ ఉండవలెననియు తెలిపెను.

మన కుటుంబములకు దీనివలన తేలునదేమి? మన బిడ్డలు పలుచోట్ల అరవమునందో, కన్నడమునందో, ఒరియాయందో, మరాఠీయందో ఆరాధన వినుచున్నారు. అది తప్పు కాదు. దేవునికి అన్ని భాషలును సమానమే. కాని ఇంట తల్లి తెలుగులో విప్పి చెప్పని ప్రమాణము బిడ్డకు పెదవులపై మాటగా మిగిలిపోవు ప్రమాదము కలదు. యెరూషలేమున ప్రక్కన నిలిచిన ఆ గురువు పని నేడు తల్లిదండ్రులదే.

ఇక నడవడిమాట. ఉపవాసమున మిగిలిన బియ్యము ఆకలిగొన్నవాని కుండకు చేరవలెను. అంగడి నడుపువాడు తూకము సరిచూచుకొనవలెను. మేస్త్రి కూలిడబ్బులు పొద్దు గ్రుంకకమున్నే చెల్లింపవలెను. ఆస్తి తగవులతో మాటలు మానిన అన్నదమ్ములు ఈ నలువది దినములలో ఒకరి గడప నొకరు త్రొక్కవలెను. త్రాగుడు మానిన ఇంట మిగిలిన పైకము బడిజీతముగా మారవలెను. తూర్పునకు మరలుటయన నిదియే.

ఆనాటి పీఠాధిపతి నేడు మన వీధికి వచ్చి మనలనుగూర్చి విచారించినచో, ఉత్తరమిచ్చువారు మన బంధువులు కారు. మన ప్రక్కయింటి అరవవారు, కన్నడిగులు, ఒరియావారు, మహారాష్ట్రులు. తరతరములుగా మనకు చోటిచ్చిన ఆ పొరుగువారు చెప్పు సాక్ష్యముపై ఆధారపడి మన పేరు వ్రాయబడుటయో, దిద్దుకొని రమ్మని మనలను పంపివేయుటయో జరుగును.