లాక్స్‌టన్

లాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో నాటింగమ్‌షైర్ కౌంటీకి చెందిన వ్యవసాయ గ్రామం, పారిష్. షేర్‌వుడ్ అడవికి తూర్పున, ఓలర్టన్ పట్టణానికి దగ్గర్లో ఉంది. మధ్యయుగాల నాటి ఉమ్మడి పొలాల సేద్యం ఇక్కడ నేటికీ సాగుతోంది. అందుకే ఇంత చిన్న ఊరికి ఇంగ్లండ్ చరిత్రలో పెద్ద చోటు దక్కింది.

1086 నాటి డూమ్స్‌డే భూసర్వేలో ఈ ఊరి పేరుంది. అప్పటికి దీని ప్రభువు జెఫ్రీ అల్సెలిన్. నార్మన్లు కోట కట్టిన మట్టిదిబ్బ ఊరికి ఉత్తరాన ఇంకా నిలిచి ఉంది.

ఊరి సాగుభూమి మూడు పెద్ద పొలాలు: సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. లోపల గట్లు లేవు, కంచెలు లేవు. ఒక్కో రైతు భూమి మూడింటిలోనూ కొండ్రలు కొండ్రలుగా చెదిరి ఉంటుంది. మంచి నేలా, చౌడు నేలా అందరికీ రావడానికే ఇలా పంచారని చాలామంది అనుకునేవారు. వ్యవసాయ చరిత్రను పరిశోధించిన ఆర్విన్ దంపతులు 1938లో వెలువరించిన 'ది ఓపెన్ ఫీల్డ్స్' గ్రంథంలో మరో వాదన చేశారు: నాగలి తిరిగే తీరు, ఒక రోజు దున్నకం, ఇవే ఆ కొండ్రల కొలతను నిర్ణయించాయని. పొలం పనిని దగ్గరగా గమనించినవారు చెప్పిన మాట కనుక అది తేలిగ్గా తీసెయ్యదగింది కాదు. పంటల వరస మూడేళ్లది. ఒక పొలంలో చలికాలపు గోధుమ, రెండోదానిలో వసంతంలో విత్తే పంట, మూడోది బీడు. మరుసటి ఏడు వంతు మారుతుంది. ఎవరి భూమీ ఒకేచోట లేదు కాబట్టి రైతుల ఇళ్లన్నీ ఊరి వీధి వెంటే వెలిశాయి.

1635లో ఊరి అప్పటి ప్రభువు సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ గీసిన ఊరి పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. కొండ్రలతోపాటు దున్నేవాళ్లనూ వేటగాళ్లనూ కూడా అందులో బొమ్మలుగా చూడవచ్చు. ఊరి ముఖచిత్రం ఇంత ముచ్చటగా దొరకడం అరుదు.

18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఇంగ్లండ్ అంతటా ఉమ్మడి పొలాలకు కంచెలు పడ్డాయి. లాక్స్‌టన్ మిగిలింది. రెండు పెద్ద భూస్వామ్య కుటుంబాల భూములు ఒకదానిలో ఒకటి కలగలిసి ఉండటం అందుకు ఒక కారణంగా చెబుతారు. అయినా పొలాలు చెక్కుచెదరకుండా లేవు: 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆ భూస్వాముల్లో ఒకరైన మాన్వర్స్ ఎర్ల్ ఎస్టేటు చాలా కొండ్రలను కలిపి పెద్దవి చేసింది.

ఏటా నవంబరు చివర్లో రైతుల జ్యూరీ గోధుమ వేసిన పొలానికి వెళ్లి, సరిహద్దు మేకులు పాతుతుంది. దారిలోకో, పచ్చిక పట్టీలోకో నాగలి జరిపినవారి తప్పు రాసుకుంటుంది. తరువాతి వారం కోర్ట్ లీట్ అనే ఊరి పాత న్యాయస్థానం కూర్చుని జరిమానా వేస్తుంది. తప్పిపోయిన పశువులను కట్టే బందెలదొడ్డికి కాపరిని నియమించేదీ అదే. ఇలాంటి పాత కోర్టుల అధికారాలను 1977 చట్టం రద్దు చేసినా, లాక్స్‌టన్ కోర్టును మాత్రం మినహాయించింది.

మాన్వర్స్ ఎర్ల్ 1952లో గ్రామాన్ని వ్యవసాయ మంత్రిత్వశాఖకు అమ్మారు. 1981లో అది క్రౌన్ ఎస్టేట్ చేతికి, 2020లో మాన్వర్స్ వారసులదైన థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది. యజమానులు మారినా, కోర్టు కూర్చున్న రోజునే మరుసటి ఏటి పొలానికి కొత్త జ్యూరీ చేత ప్రమాణం చేయించడం మాత్రం మారలేదు.