గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది

ఎండాకాలం వచ్చిందంటే హాలహర్వి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాకా ఫ్రిజ్ మెకానిక్కులకు చేతినిండా పని. నీళ్లు చల్లబడడం లేదని పిలిస్తే, వచ్చి వెనక చెయ్యి పెట్టి చూసి చెప్పే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయిందన్నా, పట్టీయల్ల." సరేనంటాం, డబ్బులిస్తాం, నాలుగు నెలలకు మళ్లీ పిలుస్తాం. ఆ మాటలో ఒక పొరపాటుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారిన గ్యాస్ ఏమైందని అడిగినవాళ్ల వల్లే ఈ లోకం ఒక పెద్ద గండం నుంచి బయటపడింది. వాళ్లలో ఒకాయన ఉద్యోగజీవితం సికింద్రాబాదులో మొదలైంది.

చల్లదనం వెనక ఉన్న సూత్రం మన ఇళ్లలో కడవకు ఎప్పటి నుంచో తెలుసు. మట్టి పొరల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది. ఫ్రిజ్ చేసేదీ అదే. కాకపోతే కడవ ఆవిరిని గాలికి వదిలేస్తుంది, ఫ్రిజ్ పట్టుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కుతుంది, వెనక ఉన్న గొట్టాల్లో అది వేడి వదిలి ద్రవమై మళ్లీ లోపలికి వెళ్తుంది. కాబట్టి సున్నాకు ఎంతో దిగువన కూడా మరిగే ద్రవం ఒకటి కావాలి. దాని కోసమే ఈ వెతుకులాటంతా.

మొదట్లో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడారు. చల్లబరచడంలో మంచివే, పీలిస్తే ప్రాణాంతకం. 1920ల్లో అమెరికాలో రాత్రిపూట గ్యాస్ లీకై నిద్రలోనే చనిపోయిన కుటుంబాలున్నాయి. విషం కాని, మంట అంటుకోని గ్యాస్ కావాలని జనరల్ మోటార్స్ కంపెనీ థామస్ మిడ్గ్లీకి పని అప్పగించింది. 1928లో ఆయన బృందం కార్బన్, క్లోరిన్, ఫ్లోరిన్ కలిసిన వాయువును ఎంచుకుంది. 1930లో ఒక సభలో మిడ్గ్లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేశాడు. పీల్చినా ఏమీ కాలేదు, మంటా అంటుకోలేదు. ఫ్రియాన్ అన్న పేరుతో అది లోకమంతా వ్యాపించింది. మన మెకానిక్కులు ఆర్-12 అని పిలిచేది దాన్నే. సీఎఫ్‌సీలన్న పెద్ద కుటుంబంలో అదొకటి.

దాని మంచి గుణమే చివరికి కీడయింది. దేనితోనూ కలవదు, త్వరగా విరగదు. ఇంట్లో కారిన గ్యాస్ ఏళ్లు పట్టినా సరే, మెల్లగా ఆకాశం పైపొరకు చేరుతుంది. అక్కడ సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు ఆ కిరణాలను ఆపే ఓజోన్ అణువులను లక్ష దాకా మింగగలదని 1974లో మరియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ లెక్కగట్టారు. ఓజోన్ లేకపోతే ఆ కిరణాలు నేరుగా మన చర్మం మీద, కళ్ల మీద, పైర్ల మీద పడతాయి.

ఇక సికింద్రాబాదు సంగతి. అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన వీరభద్రన్ రామనాథన్ మొదటి ఉద్యోగం అక్కడి ఫ్రిజ్‌ల కంపెనీలో. ఫ్రిజ్‌ల నుంచి గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన పని. తర్వాత బెంగళూరులో, ఆపైన అమెరికాలో చదువుకున్నారు. ఓజోన్ మీద వచ్చిన ఆ లెక్కలు చూశాక, తన చేతుల్లోంచి కారిన ఆ గ్యాసే గాల్లో ఇంకేం చేస్తుందన్న ప్రశ్న ఆయన వేసుకున్నారు. 1975లో జవాబు ప్రచురించారు: సీఎఫ్‌సీ అణువు ఒక్కటి పదివేల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులంత వేడిని పట్టి ఉంచగలదు. అంతవరకూ భూమి వేడెక్కడమంటే బొగ్గు, చమురు పొగ అనే అందరూ అనుకునేవారు. ఫ్రిజ్ వెనక గొట్టానికి పడ్డ కన్నం కూడా అందులో భాగమని మొదట చూపించిన మనిషి, లీకులు వెతికే ఇంజనీరుగా మన సికింద్రాబాదులో పనిచేసినవాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పాఠం ఉండాలని నా కోరిక.

1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడి పెద్ద రంధ్రంలా కనబడేసరికి దేశాలు కదిలాయి. సీఎఫ్‌సీలను తగ్గించాలని 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. బీద దేశాలు మారాలంటే సాయం చేయాలన్న పట్టుదల ఫలించి 1990లో లండన్‌లో నిధి ఏర్పడింది. భారత్ 1992లో చేరింది. మందుల అవసరాలకు తప్ప సీఎఫ్‌సీల తయారీని 2008 ఆగస్టు 1 నుంచి ఆపేసింది, గడువు కంటే 17 నెలలు ముందే.

తర్వాత వచ్చిన గ్యాసుల తేడా తెలియాలంటే ఆదోని మార్కెట్ యార్డు లెక్కలోకి, అంటే క్వింటాళ్లలోకి మార్చి చూద్దాం. ఒక కిలో ఆర్-12 గాలిలో కలిస్తే 109 క్వింటాళ్ల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 కిలోకు 18 క్వింటాళ్లు, ఓజోన్‌కూ కొంత చేటే. ఫ్రిజ్‌ల్లో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు, కానీ కిలోకు 14 క్వింటాళ్లు. కొత్త ఏసీల్లోని ఆర్-32 ఏడు క్వింటాళ్లకు లోపే. కొత్త ఫ్రిజ్‌ల్లోని ఆర్-600ఏ కిలోకు మూడు కిలోలు మాత్రమే. అది మండే గ్యాసు గనుక తెలియని చేతుల్లో ప్రమాదం, అయినా ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే.

పాత అమోనియా ఏమైందంటారా? ఎక్కడికీ పోలేదు. ఏటా మన పడమటి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు పోతాయి, మిరప కోతకు. అక్కడి మిరపను నెలల తరబడి దాచే కోల్డ్ స్టోరేజీలు చాలామటుకు అమోనియాతోనే నడుస్తాయి. దానికి ఓజోన్ చేటు లేదు, వేడిని పట్టి ఉంచే గుణమూ లేదు. విషం మాత్రం పోలేదు. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమోనియా లీకై ప్రాణం పోయింది.

ఆర్-134ఏ, ఆర్-32 లాంటి, ఓజోన్ జోలికి పోకపోయినా వేడిని పట్టి ఉంచే గ్యాసులను కూడా తగ్గించాలని 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో వాడకాన్ని ఉన్నచోట నిలిపి, 2032 నుంచి తగ్గిస్తూ, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. ఆర్-22 అయితే 2030 కల్లా దాదాపు పోవాలి. 2047 గడువు మరీ దూరంగా పెట్టారని నాకనిపిస్తుంది. వానలు మొహం చాటేసే మన నేలలో, ఏసీ గాలి ఎరగకుండా పత్తి చేలో ఎండలో వంగి పనిచేసేవాళ్ల మీదే ఆ వేడి ముందు పడుతుంది. అందుకే గ్యాస్ కారనివ్వని మరమ్మతు నేర్పే శిక్షణ మహానగరాల్లో ఆగిపోకుండా ఆదోని, ఎమ్మిగనూరు మెకానిక్కుల దాకా రావాలి.

ఓజోన్‌ను కాపాడుకోవచ్చని మాత్రం రుజువైంది. ఇప్పటి కట్టుబాట్లు ఇలాగే సాగితే అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని, మిగతా లోకమంతటా అంతకు ముందేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా.

ఈ వేసవిలో మీ ఫ్రిజ్ చల్లబడకపోతే మెకానిక్ అన్నను ముందు లీకు వెతకమనండి. అతుకుల మీద సబ్బు నురుగు పూస్తే బుడగ లేచే చోట దొంగ దొరుకుతాడు. అది మూశాకే గ్యాస్ పట్టమనండి, అదీ కంప్రెసర్ మీది ప్లేటులో రాసిన రకమే, రాసినంత బరువే. పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే మిషను ఉంటే అది తెమ్మనండి, గాలికి వదలనివ్వకండి.