పాత కారు - కొత్త పెట్రోలు

1960లో కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారు ఒకటి నేడు హైదరాబాదులో ఒక పెట్రోలు బంకు ముందు వచ్చి ఆగినదనుకొనవచ్చును. బంకు పనివాడు గొట్టమును ట్యాంకు మూతిలో పెట్టును, అంకెలు తిరుగును, కారు కదలిపోవును. చూచువారికి అరువదియేండ్ల క్రిందటి పనియే మరల జరిగినట్లుండును. కాని ఆనాడు ఆ కారు త్రాగిన ద్రవము వేరు, నేడు త్రాగుచున్నది వేరు. ఆనాటి పెట్రోలులో సీసముండెడిది, నేడది లేదు. నేటి పెట్రోలులో ఐదింట ఒక వంతు ఆల్కహాలు. పేరొక్కటే మారలేదు.

మొదట కారుకు పంపే లేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఆమె, తన భర్త నిర్మించిన మూడు చక్రముల బండిలో ఇద్దరు కుమారులను ఎక్కించుకొని మన్‌హైమ్ నుండి పుట్టినూరికి బయలుదేరినది. దారిలో ఇంధనము చాలక వీస్‌లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమునకు పోయి, లిగ్రాయిన్ అను పలుచని నూనెను కొన్నది. మరకలు తీయుటకు వాడెడి ద్రవమది. ఆనాటి ఇంజను అటువంటి దానితోను నడచినది. 1908లో వచ్చిన ఫోర్డు టి-మోడలు కూడ ఇంచుమించు అట్టిదే. దాని సిలిండరులో వాయువు నాలుగున్నర వంతులు మాత్రమే నొక్కబడును. తరువాతి బండ్లలో దానిని నాలుగు వంతులకు తగ్గించినారు. అంత మెత్తని ఇంజనుకు నాసిరకపు పెట్రోలైనను చాలును.

చిక్కు వచ్చినది బలము పెంచబోయినప్పుడు. గాలిని, పెట్రోలు ఆవిరిని ఎంత గట్టిగా నొక్కిన అంత శక్తి వచ్చును. కాని హద్దు మీరి నొక్కినచో నిప్పురవ్వ అంటించిన మంట వ్యాపించుటకు ముందే మిగిలిన ఆవిరి తనంత తానే భగ్గుమనును. సిలిండరుపై సుత్తితో కొట్టినట్లు టకటకమని శబ్దమగును. మెకానిక్కులు దీనినే నాకింగు అందురు. పిస్టనులను చెరచు జబ్బు ఇది.

దీనికి మందు వెదకుటకు జనరల్ మోటార్సు పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ పూనుకొన్నాడు. అయొడీను, అనిలీను మొదలుగా ఎన్నో వేసి చూచినాడు. టెల్లూరియం కొంత పనిచేసినది గాని దాని వెల్లుల్లి కంపు వంటిని వదలలేదు. తుదకు 1921 డిసెంబరు 9న టెట్రాఎథిల్ సీసమును కలుపగా ఇంజను చప్పున నిమ్మళించినది. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ నగరమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము మొదలైనది. అమ్మకపు పేరు 'ఎథిల్'. ఆ పేరులో సీసమన్న మాటయే లేకపోవుట గమనింపదగినది.

సీసము విషమని రోమనుల కాలమునుండి ఎరుగని వారు లేరు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే చమురు కర్మాగారమున ఈ ద్రవమును తయారుచేయు కార్మికులు మతిభ్రమించి, లేని పురుగులను గాలిలో పట్టబోయి, ఐదుగురు మరణించిరి. మరి ముప్పదిమందికి పైగా ఆసుపత్రి పాలైరి. కొలది దినములకే మిడ్జ్‌లీ పత్రికలవారిని పిలిచి, వారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని ఆవిరిని నిమిషము సేపు పీల్చి చూపినాడు. అంతకు ముందటి సంవత్సరమే అతడు సీసపు జబ్బుతో సెలవు తీసికొనిన సంగతి వారికి చెప్పలేదు. 1925లో వాషింగ్టనులో జరిగిన సభలో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ వంటివారు గట్టిగా అడ్డు చెప్పిరి. అయినను మరుసటి సంవత్సరము అనుమతి వచ్చినది. గాలనుకు 3 ఘన సెంటీమీటర్లకు మించరాదన్నారు. పొగగొట్టము నుండి వీథిలోనికి పోవు సీసమును అది ఏమాత్రము ఆపలేదు.

ఇక్కడ ఇంకొక సంగతి కలదు. మండిన సీసము పలుచని పూతవలె పొగ వెడలు వాల్వు అంచున, అది కూర్చుండు సీటుపైన పేరుకొనెడిది. ఎర్రగా కాగిన వాల్వు నిమిషమునకు వేయిసార్లకు పైగా సీటును కొట్టుచుండును. నడుమ ఈ పూత లేనిచో లోహము లోహమునకు అంటుకొని, లేచినపుడెల్ల అణుమాత్రము ఊడివచ్చును. పూత ఉన్నంతకాలము ఆ భయము లేదు. కనుక పలువురు తయారీదారులు గట్టి లోహపు సీట్లను బిగించుట మాని, పోత ఇనుప హెడ్డులోనే సీటును చెక్కి ఊరకున్నారు. ఖర్చు కలిసివచ్చినది. బ్రిటనులో పుట్టి, అంబాసిడరులో వాడబడిన బి-శ్రేణి ఇంజను ఇట్టిదే. నాకింగును ఆపుటకు వచ్చిన సీసము, ఎవరును కోరకయే, ఇంజనులో ఒక భాగమైపోయినది.

దానిని వెలివేయించిన వారిలో ముఖ్యుడు క్లెయిర్ పాటర్సన్. భూమి వయస్సు సుమారు 455 కోట్ల ఏండ్లని 1956లో నిర్ణయించినవాడు ఈయనయే. ఆ లెక్కకు శిలలలోని సీసమును కొలువవలసి యుండగా, ప్రయోగశాల గాలి, నీరు, తుదకు పనివారి వెంట్రుకలు కూడ సీసముతో నిండి కొలతలను చెరచుచుండెను. ఇదెక్కడిదని వెదకి, నేటి మనుష్యుల దేహములో సహజముగా నుండవలసిన దానికి సుమారు నూరు రెట్లు సీసమున్నదని 1965లో ప్రకటించినాడు. అయినను అమెరికాలో సీసము తొలగుటకు తక్షణ కారణము వేరొకటి. పొగను శుభ్రపరచుటకు 1975 మోడలు కార్లలో అమర్చిన ప్లాటినపు ఉత్ప్రేరకమును సీసము చంపివేయును. కొత్తకార్లలో సీసపు పెట్రోలు పడకుండ ట్యాంకు మూతిని ఇరుకు చేసి, సీసము లేని పంపు గొట్టమును 0.84 అంగుళముల సన్నమునకు తెచ్చిరి. పాత కారు మూతి వెడల్పైనది. దానిలో ఏ గొట్టమైనను దూరును! 1976-80 నడుమ అమెరికనుల రక్తములో సీసము సుమారు 37 శాతము తగ్గినది. పెట్రోలులో తగ్గిన కొలది రక్తములోను తగ్గుట స్పష్టముగా కనిపించినది.

భారతదేశమున 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు వచ్చినది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట అదియే. ప్రపంచమున చివరగా మానినది అల్జీరియా, 2021లో.

సీసము పోగానే పాత కార్లన్నియు చెడిపోవునని ఎందరో భయపడిరి. బ్రిటనులో పొటాసియము వంటివి కలిపిన ప్రత్యేక పెట్రోలును కొన్నియేండ్లు అమ్మిరి. జరిగినది అంత ఘోరము కాదు. సీటు అరుగుట ముఖ్యముగా వేగము మీద, బరువు మీద ఆధారపడును. ఊరిలో మెల్లగా తిరుగు కారుకు ఏండ్ల తరబడి ఏమియు కాకపోవచ్చును. రాజమార్గమున గంటల కొలది పరుగెత్తించినచో వాల్వు సీటులోనికి దిగి, దాని సందు మూసికొనిపోయి, వాల్వు కాలిపోవును. మందు తెలిసినదే: హెడ్డు ఊడదీసి, సీటును తొలిచి, గట్టి ఉక్కు వలయమును బిగించుట. ఒకసారి చేసిన చాలును. చిత్రమేమనగా టి-మోడలుకు ఈ బాధ అంతగా లేదు. అది సీసమును ఎరుగని దినములలో, నెమ్మదిగా తిరుగుటకు పుట్టినది. బాధ నడుమ తరమునకే.

ఆల్కహాలు కథ దీనికి తలక్రిందులు. అది నాకింగును ఆపునని 1920 నాటికే మిడ్జ్‌లీకి తెలియును. పవర్ ఆల్కహాలును పెట్రోలులో కలిపించుటకు భారతదేశమున 1948లోనే ఒక చట్టము వచ్చినది. 2003లో ఆంధ్రప్రదేశముతో సహా తొమ్మిది రాష్ట్రములలో 5 శాతముతో మరల ఆరంభమై, 2025 నాటికి 20 శాతమునకు చేరినది. ఆక్టేను సంఖ్య పెరిగినది గనుక పాత కారుకు నాకింగు భయము లేదు. బాధ వేరుచోట. ఆల్కహాలు బరువులో మూడవ వంతుకు పైగా ఆక్సిజనే. కొత్తకారులో పొగను పరీక్షించు సాధనము ఆ సంగతి కనిపెట్టి పెట్రోలు పాలు పెంచును. కార్బురేటరుకు అట్టి కన్ను లేదు. మెకానిక్కు చేయి పడనిదే మిశ్రమము పలుచబడి ఇంజను కాగును. ఆనాటి రబ్బరు గొట్టములు, పంపు పొరలు ఆల్కహాలులో ఉబ్బి మెత్తబడును. ఏండ్లుగా ట్యాంకు గోడలకంటిన జిగురు కరగి వచ్చి వడపోతకు అడ్డుపడును. అన్నిటికంటె కష్టము నిలువ ఉంచుట. ఆల్కహాలు గాలిలోని తేమను లాగికొనును. నీరు మితిమీరిన దినమున రెండును కలిసి పెట్రోలును విడిచి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజనుకు పోవు గొట్టము మొదలయ్యెడిది అక్కడనే.

గొట్టములను, పొరలను ఆల్కహాలుకు తట్టుకొను రబ్బరుతో మార్చి, కార్బురేటరును సరిచేయించి, నెలల తరబడి షెడ్డులో నిలుపవలసినచో ట్యాంకును ఖాళీ చేయుట పాత కార్లవారు నేర్చిన పద్ధతి. టి-మోడలులోనైతే మిశ్రమమును చిక్కపరచు చిన్న మీట నడుపువాని యెదుటనే యుండును. ఇంజను దగ్గినప్పుడు దానిని కొంచెము త్రిప్పిన చాలును. 1908లో ఏ ఊరిలో ఏ పెట్రోలు దొరకునో తెలియక అమర్చినదది.